సీసాలో గోలీ

ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చినతను ముందుగా లోపలి సామానంతా నా చేత బయటికి తీయించాడు. చింతకాయ పచ్చడి, వడలిపోయిన అల్లం, సగం కోసిన నిమ్మకాయ, ఎప్పటిదో తెలియని పాల పాకెట్టు. ఒంటరి మనిషి ఫ్రిజ్‌లో ఏముంటుందో ఊహించుకోండి, అదే ఉంది. అన్నిటికంటే వెనక మూలన ఉన్న జామ్ సీసాను మాత్రం అతనే తీసి, వెలుతురుకు పట్టి చూశాడు.

"గిదేంది మేడమ్? నీళ్లల్ల పత్తి నానబెట్టిన్రా?"

నేను జవాబు చెప్పేలోగా సీసాను అటూ ఇటూ ఆడించాడు. అడుగునున్న గోలీ గాజుకు తగిలి టింగుమంది.

పోయిన చలికాలం నుంచి ఆ చప్పుడు వినలేదు నేను. స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడ్డ మనిషి ముందు కళ్లు తుడుచుకోవడం నామోషీ అనిపించి, వంటింట్లోకి వెళ్లి తోమిన గిన్నెనే మళ్లీ తోమాను.

సీతాఫల్‌మండిలో మా బిల్డింగ్‌లో నాది రెండో అంతస్తు. నా నెత్తి మీద, డాబా వాటాలో ఆ సీసా ఇచ్చినావిడ ఉండేది. ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నర్సుగా చేసి రిటైరైంది. అందుకని బిల్డింగంతా సిస్టరమ్మ అనేవాళ్లం. పుట్టింది కోస్తాలో, బతికిందంతా సికింద్రాబాద్‌లో. ఇంతకు మించి ఆవిడ చరిత్ర నాకు తెలియదు. చెప్పని మనిషని కాదు. చెప్పడం మొదలుపెడితే ఆపేది కాదు. కానీ ఆ కథల్లో పేషెంట్లుండేవారు, కోప్పడే డాక్టర్లుండేవారు, కత్తెర ఎక్కడ పెట్టానో మర్చిపోయి ఏడ్చే కొత్త నర్సులుండేవారు. ఆవిడ మాత్రం ఉండేది కాదు.

ఇంట్లో పుట్టగొడుగులు పెంచేది. సరదాకు కాదు, ఆ పని మీదే ఆవిడ ప్రాణం ఉండేది.

పుట్టగొడుగులంటే వానకు వాటంతటవే మొలుస్తాయనుకునే దాన్ని నేను. "అడివిలో మొలుస్తాయి. ఇంట్లో మొలవాలంటే విత్తనం కావాలి. ఇదిగో, ఇదే విత్తనం," అని మొదటిసారి ఆ సీసా చూపించింది. నీళ్లలో ఒక చెంచా తేనె కలిపి, సీసాలో పోసి, కుక్కర్‌లో బాగా ఉడికించి చల్లారబెడుతుంది. పాత సీసాలోంచి సిరంజితో కాస్త తీసి కొత్త సీసాలోకి ఎక్కిస్తుంది. పాలలో తోడు వేయడం లాంటిదే. కొద్దిరోజులకు ఆ తేనె నీళ్లలో తెల్లటి దారాలు పుట్టి, అల్లుకుని, దూది పింజలా తేలతాయి. అదే పుట్టగొడుగు తల్లి. అది ఒక్కచోటే ముద్దకట్టకుండా రోజూ సీసాను కదపాలి. దారాలు తెగడానికి ప్రతి సీసాలో ఒక గోలీ వేసి ఉంచేది. ఆ నీళ్లను ఉడికించిన జొన్నలకు ఎక్కించి, అవి తెల్లబడ్డాక గడ్డి సంచుల్లో కలిపితే పుట్టగొడుగులు మొలుస్తాయి.

"నీళ్లు తేటగా ఉండాలి, మబ్బు తెల్లగా ఉండాలి. నీళ్లే మబ్బయిపోయాయంటే ఇంకేదో దూరినట్టు. పారబోసుకోవడమే," అనేది.

పొద్దున్నే పై నుంచి ఆ గోలీల చప్పుడు వినిపించేది. టింగు, టింగు, టింగు. కాసేపు ఆగి ఇంకో సీసా. అలారం మోగకముందే నన్ను లేపుతోందని మొదట్లో ఒళ్లు మండేది. తర్వాత ఆ చప్పుడయ్యాకే మంచం దిగడం అలవాటైంది. ఎదురింటి వాళ్ల పెళ్లికి రాత్రంతా బ్యాండు మోగినా కదలని దాన్ని, ఆ గోలీ టింగుమనగానే లేచి స్టవ్ మీద నీళ్లు పెట్టేదాన్ని.

నా సంగతి ఒక ముక్క చెప్పాలి. నేను మనుషుల్ని తప్పించుకు తిరిగే రకం. బేగంపేటలో ఆఫీసు, సాయంత్రం ఇల్లు, తలుపుకు గడియ. మెట్ల మీద ఎవరైనా వస్తున్నారంటే వాళ్లు దిగిపోయేదాకా లోపలే ఆగే మనిషిని. ఎందుకలా అయ్యానన్నది ఇక్కడ అనవసరం. అలాంటి నన్ను నెలకు రెండు మూడుసార్లు మెట్లెక్కించింది సిస్టరమ్మ. అందుకు ఆవిడ దగ్గర ఒక ఆయుధం ఉండేది. కిడ్నీ ట్రే.

ఆసుపత్రుల్లో పేషెంటు మంచం పక్కన పెడతారే, చిక్కుడు గింజ ఆకారంలో స్టీలు పళ్లెం, వాంతి వచ్చినా రక్తం వచ్చినా పట్టడానికి, అదే. పుట్టగొడుగులు కోసిన రోజున వాటిని అందులో పెట్టి పంచేది. ట్రేలు కొత్తవే. సర్జికల్ సామాన్లమ్మే దుకాణంలో కొన్నవే. అయినా చూసిన వాళ్లకు చూడగానే గుర్తొచ్చేది దవాఖానే కదా.

"గా పళ్లెం జూస్తెనే నాకు కడుపుల తిప్పుతది చెల్లె," అనేది కింద వాటాలో ఉండే మా ఓనరమ్మ. "పొద్దుగూకకముందే ఇచ్చేసొస్త. ఇంట్ల ఉంచుకోబుద్ధి గాదు."

ఇచ్చేయడమంటే ఊరికే ఇస్తే కుదరదు. ఏదైనా పెట్టిచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదు, అది మన ఇళ్లలో ఉన్నదే. కాబట్టి ఆ ట్రేలో గుప్పెడు చక్కెరో, నాలుగు రెమ్మల కరివేపాకో, రెండు నిమ్మకాయలో పెట్టుకుని డాబా దాకా ఎక్కాలి. బోనాలప్పుడు ఓనరమ్మ బెల్లం ముక్క పెట్టి తెచ్చింది. "పరసాదం గాదు సిస్టరమ్మా, ఉత్త బెల్లమే. నీ దేవునికి తక్లీఫ్ లేకుండనే తెచ్చిన," అంది. సిస్టరమ్మ నవ్వి, అక్కడే సగం కొరికి తిన్నది.

ఓనరమ్మ ఆ పుట్టగొడుగుల్ని ఏనాడూ నోట పెట్టలేదు. మాంసం మానేసిన మనిషి. అది కూరగాయో మాంసమో తేల్చుకోలేక వీధి చివరి తబేలాలో గేదెకు వేసొచ్చేది. మళ్లీ పైకెక్కి, "మస్తుగున్నయ్ సిస్టరమ్మా, మసాల ఏసి వండిన," అని కళ్లార్పకుండా చెప్పేది. ఒకసారి ఆమె దిగిపోయాక నేను ఆగలేక అడిగాను.

"ఆవిడ తినదని మీకు తెలుసా?"

"తెలుసు. ఆ గేదె పాలే నేను కాఫీలో పోసుకుంటున్నాను," అంది సిస్టరమ్మ.

"మరి ఎందుకిస్తారు?"

"తినకపోతే పోనీ. ట్రే పట్టుకుని వస్తది కదా."

ఇంత అవస్థ ఎందుకు, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి ఇవ్వండి, తిరిగి తేవాల్సిన పని ఉండదు అని నేను తెలివిగా సలహా చెప్పినప్పుడు నా మొహంలోకి జాలిగా చూసింది. "డబ్బాలో ఇస్తే వాళ్ల దగ్గరే ఉండిపోద్ది. మామూలు గిన్నెలో ఇస్తే వాళ్ల గిన్నెల్లో కలిసిపోద్ది. ఈ ట్రే ఎవరింట్లోనూ కలవదమ్మాయ్. తేవాల్సిందే. తెచ్చినోళ్లు మెట్లెక్కాల్సిందే. అన్ని మెట్లెక్కినోళ్లు కాసేపు కూర్చోకుండా ఎట్టా పోతారు?"

చెప్పి గట్టిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అప్పటిదాకా నేను ఆవిడను వట్టి చాదస్తం మనిషి అనుకున్నాను. ఆ రోజు ఆ గదిలో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు చూశాను. ఒంటరి మనిషికి అన్ని కుర్చీలెందుకో అప్పుడు తెలిసింది.

ట్రే ఇచ్చేటప్పుడు ఎవరికైనా ఒకటే మాట చెప్పేది. "తొందరేం లేదు. కానీ మీరే తెచ్చివ్వాలి. పిల్లలతో పంపకండి."

ఆదివారం చర్చి నుంచి వచ్చాక సీసాలు మార్చే పని పెట్టుకునేది. ఆ పనిలో ఉన్నప్పుడు ఆవిడ ఇంకో మనిషి. పెద్ద ప్లాస్టిక్ టబ్బును బోర్లించి, చేతులు దూరేలా దానికి రెండు కంతలు చేసి పెట్టుకుంది. సీసాలన్నీ ఆ టబ్బు కిందే. ఫ్యాను ఆపాలి, కిటికీ మూయాలి, మాస్కు కట్టుకోవాలి. స్పిరిట్‌తో మోచేతుల దాకా తుడుచుకుని, సూదిని ఎర్రబడేదాకా కాల్చి, మూతకున్న రబ్బరులోంచి గుచ్చేది. అంతసేపూ ఆ గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

"నోట్లోంచి వచ్చే ప్రతి మాటతోపాటు కంటికి కనపడని చెత్త బయటికొస్తది. థియేటర్‌లో డాక్టర్లకే చెప్పేదాన్ని. ఊపిరి కూడా పక్కకి తిప్పి వదులు," అని నన్ను గోడవైపు కూర్చోబెట్టేది.

ఎడతెరిపి లేకుండా మాట్లాడే మనిషి, మాట కోసం మొహం వాచిన మనిషి, చివరికి నోరు మూసుకుని చేయాల్సిన పనిని ఎంచుకుంది. నాకేమో ఆ నిశ్శబ్దం హాయిగా ఉండేది. ఉక్కపోతలో చెమటలు కారుతూ ఇద్దరం అలా కూర్చునేవాళ్లం. దూరంగా రైలు కూత, టబ్బులో సూది గాజుకు తగిలిన చిన్న చప్పుడు, అంతే. ఎవరితోనైనా ఒక గదిలో అంతసేపు ఉండి, వెళ్లిపోవాలనిపించకపోవడం నాకు చాలా ఏళ్ల తర్వాత అక్కడే జరిగింది.

ఒకసారి పని అయిపోయాక ఒక సీసా నా చేతిలో పెట్టింది. "నీ ఫ్రిజ్‌లో వెనకమూల పెట్టు. చల్లగా ఉంటే నిద్రపోతది, చావదు. విత్తనం ఒక్క ఇంట్లోనే ఉండకూడదు."

నేను దాన్ని పచ్చడి సీసాల వెనక పెట్టి మర్చిపోయాను.

పోయినేడాది ఎండాకాలం ఆవిడ ఇంటికి జనం తగ్గారు. ఓనరమ్మ కూతురి పురుడని నల్గొండ వెళ్లింది. మొదటి అంతస్తులో అద్దెకున్న వాళ్లు ఖాళీ చేశారు. చర్చి నుంచి ప్రతివారం వచ్చే ఒక ముసలావిడ, సిస్టరమ్మకు ప్రాణ స్నేహితురాలు, చనిపోయింది. నాకు ఆఫీసులో ఆడిట్ రోజులు, చీకటి పడ్డాక వచ్చి పడుకునేదాన్ని. గోలీ మాత్రం రోజూ మోగేది. మోగుతోంది కాబట్టి బాగానే ఉందనుకునేదాన్ని.

ఒక సెలవురోజు పొద్దున తలుపు మీద చప్పుడైంది. తీస్తే సిస్టరమ్మ. రెయిలింగు పట్టుకుని, మోకాళ్లు వంగక పక్కవాటుగా ఒక్కో మెట్టూ దిగి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. చర్చికి తప్ప దేనికీ మెట్లు దిగని మనిషి. కూరగాయలు కూడా బుట్టకు తాడు కట్టి పైకి లాక్కునేది.

"అమ్మాయ్, ఆ సీసా ఉందా?"

లోపలికి రమ్మని కూర్చోబెట్టాను. మంచినీళ్లు తాగింది. సీసా తీసి ఇచ్చాను. కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూసింది. నీళ్లు తేటగా ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది. పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా.

"పైన అన్నీ పోయాయి. ఒక్కటి మిగల్లేదు. అన్నీ తెల్లటి కుడితి నీళ్లయిపోయాయి."

"ఎలా? మీరు అంత జాగ్రత్తగా..."

"ప్రార్థన చేశానమ్మాయ్," అంది. "పని మొదలుపెట్టే ముందు ఎప్పుడూ మనసులోనే చేసుకునేదాన్ని. ఆదివారం మూతల రబ్బర్లు మారుద్దామని సీసాలన్నీ మూతలు తీసి పెట్టుకున్నాను. మనసులో చేసుకుంటే సరిపోలా. మాస్కు తీసేశాను. దేవుడి దగ్గర మాస్కేంటి అనుకున్నాను. బయటికే చేశాను, గట్టిగా. మీ అందరి పేర్లూ చెప్పుకున్నాను. ఓనరమ్మ పేరు, దాని కూతురి పేరు, నీ పేరు. వీళ్లని ఒకసారి ఇటు నడిపించు తండ్రీ అని. చాలాసేపు చేశాను. నోరు విప్పి మాట్లాడి ఎన్ని రోజులయిందో ఏమో, మొదలుపెట్టాక ఆగలేకపోయాను."

ఇన్నేళ్లు థియేటర్‌లో పనిచేసిన మనిషి. తుమ్మిన డాక్టరును బయటికి పొమ్మన్న మనిషి. మూతలు తీసిన సీసాల మీద వంగి మా పేర్లు పెట్టి ప్రార్థన చేసింది. ఆ ఊపిరి తగిలి మొత్తం పాడైపోయాయి. లేచి టీ పెట్టాను.

టీ తాగుతూ నా ఇల్లంతా కలయజూసింది. "ఇంటిని చూసి ఇల్లాలిని చూడమన్నారు," అంటూ కొంచెం తేరుకుంది. స్టాండులో ఆరబెట్టిన ఒకే ఒక కంచం మీద ఆవిడ చూపు ఆగింది. ఒక గ్లాసు, ఒక చెంచా. నేను కూర్చోవడానికి రెండో కుర్చీ లేక గోడకానుకుని నిలబడి ఉన్నాను. అదీ చూసింది.

"నీకు పిలవడం రాదు, నాకు ఊరుకోవడం రాదు," అంది. "ఇద్దరిలో ఎవరు ఎక్కువ పరేషాన్‌లో ఉన్నామో ఆ దేవుడికే తెలియాలి."

సీసాను బిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించి పట్టుకుంది. నేను చెయ్యి పట్టుకుని పైకి ఎక్కించాను. ఆ రోజే నన్ను గోడవైపు కూర్చోబెట్టి, ఆ ఒక్క సీసాలోంచి మళ్లీ కొత్తవి మొదలుపెట్టింది. ఇద్దరం నోరు మెదపలేదు. వానలు పడేసరికి మళ్లీ ట్రేలు తిరిగాయి. నా ఫ్రిజ్‌లోకి కొత్త సీసా వచ్చింది. వంటింటి వాడకానికని నేను రెండో కుర్చీ కొన్నాను. వంటింట్లో కుర్చీ ఎందుకని ఆవిడ అడగలేదు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు దిగొచ్చి అందులో కూర్చుంది.

క్రిస్మస్ వెళ్లాక ఒక శనివారం, ట్రే నిండా పుట్టగొడుగులు నా చేతికిచ్చి, "తొందరేం లేదు," అంది. మిగతా మాట నాకు చెప్పక్కర్లేదని చెప్పలేదు.

మర్నాడు గోలీ మోగలేదు. చర్చికి ముందే వెళ్లిందేమో అనుకుంటూనే మెట్లెక్కాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. కుర్చీలన్నీ గోడవారగా వరసగా ఉన్నాయి. ఆవిడ మంచం మీద పడుకున్నట్టే ఉంది. నర్సుల్లా చెయ్యి పట్టుకుని చూడటం నాకు రాదు. ముట్టుకుంటే తెలిసిపోయింది.

కాకినాడ నుంచి అన్న కూతురొచ్చింది. మంచి పిల్ల, బాగా ఏడ్చింది. సమాధి దగ్గర పాట పాడినప్పుడు ఓనరమ్మ కొంగు నెత్తిన వేసుకుని, రాని పాటకు పెదవులు కదిపింది. తర్వాత ఇల్లు ఖాళీ చేశారు. గడ్డి సంచులు, టబ్బు, సీసాలు మునిసిపాలిటీ బండిలోకి వెళ్లిపోయాయి. ఏ సీసా ఏమిటో ఆ పిల్లకెలా తెలుస్తుంది? నా దగ్గరున్న ట్రేలో కాస్త చక్కెర పోసి ఆమెకు ఇవ్వబోయాను. "మీ దగ్గరే ఉంచుకోండి ఆంటీ, గుర్తుగా," అంది. ఇచ్చేయడానికి మనిషి లేని ట్రే. దాన్ని నా గిన్నెల మధ్య పెట్టాను. ఆవిడ చెప్పినట్టే, అది వాటిలో కలవలేదు.

ఇప్పుడు ఫ్రిజ్ పోయింది.

"కంప్రెసర్ పోయింది మేడమ్. కొత్తది దొరకాలె, జెర టైమ్ పడ్తది. గీ సీస సుత పారేయాల్నా?" అన్నాడతను.

"వద్దు," అన్నాను. నా గొంతుకు అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

అతను వెళ్లాక సీసాను కిటికీలో పెట్టి, కదిలిందంతా అడుక్కు దిగేదాకా ఎదురుగా కూర్చున్నాను. నీళ్లు తేటగానే ఉన్నాయి. చల్లదనం లేక అది మేలుకుంటుంది. తిండి పెడితే బతుకుతుంది, లేకపోతే అక్కడితో సరి. ఆవిడ చేతిలోంచి వచ్చినవాటిలో ఇంకా బతికున్నది ఆ గుప్పెడు దూది ఒక్కటే.

మందుల దుకాణంలో సిరంజీలడిగితే అతను నా చేతుల వైపు అనుమానంగా చూశాడు. జొన్నలు ఉడికించాను. కుక్కర్ మాడింది, ఇంకోసారి ఉడికించాను. తబేలా అతను గడ్డి ఎందుకని అడిగితే "గేదెకు కాదు," అన్నాను. బట్టల టబ్బుకు కంతలు చేసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని సూది కాల్చాను. నోరు మూసుకుని చేసే పని నాకు కొత్తేం కాదు. కానీ వెనక గోడవైపు ఎవరూ కూర్చుని లేరన్న సంగతి చేతులకు కూడా తెలిసింది. కట్టిన గడ్డి సంచుల్లో చాలావరకు పచ్చ బూజు పట్టాయి. ఒక్కటి తెల్లబడింది. దానికే ఒక తెల్లవారుజామున గుత్తిగా చెవుల్లాంటి పుట్టగొడుగులు మొలిచాయి.

వాటిని కోసి కిడ్నీ ట్రేలో పెట్టాను. నాకు ఆ కూర అప్పుడూ ఇష్టం లేదు, ఇప్పుడూ లేదు. ఆవిడ వాటాలో ఈమధ్యే ఒక కుర్రాడు దిగాడు. చెవుల్లో ఎప్పుడూ ఏవో పెట్టుకుని తల దించుకుని వెళ్లేవాడు. అతని మాట నేను విననే లేదు. అతను దిగిపోయేదాకా తలుపు వెనక ఆగడం నా అలవాటు కదా.

ఆదివారం పొద్దున మెట్లెక్కి తలుపు కొట్టాను. తీశాడు. లోపల గదిలో ఒకే కుర్చీ, దాని మీద ల్యాప్‌టాప్. చెవుల్లోవి తీసి ట్రే వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"పుట్టగొడుగులు. ఇంట్లో పెంచినవే," అన్నాను.

"అయ్యో, థ్యాంక్స్ మేడమ్. ఒక్క నిమిషం, కవర్‌లో వేసుకుని ట్రే ఇప్పుడే ఇచ్చేస్తా. మీకు మళ్లీ తక్లీఫ్ ఎందుకు?"

అతను అప్పటికే ట్రే అందుకుని లోపలికి తిరిగాడు. మర్యాద తెలిసినవాడే. నేను గడపలోంచి చెయ్యి చాచి ట్రే అంచు పట్టుకున్నాను.

"వద్దు," అన్నాను. "తొందరేం లేదు. కానీ మీరే తెచ్చివ్వాలి."

కిందికొచ్చి, వంటింట్లోంచి రెండో కుర్చీ తెచ్చి ముందుగదిలో వేశాను. తలుపుకు గడియ పెట్టలేదు.